జబ్బులకూ హోదాలున్నాయా? వైద్య విద్యార్థులు దేన్ని గొప్పగా చూస్తారు, దానివల్ల మీకేంటి?

ఛాతీలో నొప్పి అంటున్న నాన్నగారిని అర్ధరాత్రి ఆసుపత్రికి తీసుకెళ్లారనుకోండి. క్యాజువాలిటీలో అందరూ ఒక్కసారిగా కదులుతారు. నిమిషాల్లో ఈసీజీ తీస్తారు. ఫోన్ చేస్తే కార్డియాలజిస్ట్ నిద్ర లేచి వస్తారు. మరో వారానికి అదే ఆసుపత్రికి అమ్మగారిని తీసుకెళ్లి, 'ఒళ్లంతా నొప్పులు, నిద్ర పట్టడం లేదు, ఏ పనీ చేయబుద్ధి కావడం లేదు' అని చెప్పండి. నాలుగు రక్త పరీక్షలు రాస్తారు. రిపోర్టులు బాగుంటే, 'ఏమీ లేదమ్మా, టెన్షన్ పెట్టుకోకండి' అని విటమిన్ బిళ్లలు రాసి పంపేయొచ్చు.

మొదటి హడావుడికి న్యాయమైన కారణం ఉంది. గుండెపోటులో ప్రతి నిమిషమూ లెక్కే. కానీ రెండోచోట కనిపించే నిర్లిప్తత కేవలం 'అత్యవసరం కాదు' అనే కారణంతోనే వస్తోందా? కొన్ని జబ్బులను గొప్పగా, కొన్నింటిని చిన్నచూపుగా చూసే అలవాటు వైద్యరంగంలోనే ఉందా? ఉంటే అది ఎంబీబీఎస్ చదివే రోజుల్లోనే మొదలవుతుందా?

ఈ ప్రశ్నలపై పరిశోధనలు జరిగాయి. వాటి ఫలితాలు డాక్టర్లకే కాదు, ఓపీ చీటీ పట్టుకుని వరుసలో నిలబడే మనకూ అవసరమే.

జబ్బులకు మార్కులు వేస్తే ఏం తేలింది?

ఈ విషయంలో ఎక్కువగా ప్రస్తావనకు వచ్చే అధ్యయనం నార్వేది. సామాజిక శాస్త్రవేత్త డాగ్ ఆల్బుమ్, వైద్యుడు స్టైనార్ వెస్టిన్ దీన్ని 2008లో ప్రచురించారు. 305 మంది సీనియర్ డాక్టర్లు, 500 మంది జనరల్ ప్రాక్టీషనర్లు, 490 మంది చివరి సంవత్సరం వైద్య విద్యార్థులను ఇందుకోసం ఎంచుకున్నారు. 38 జబ్బులు, 23 స్పెషాలిటీల జాబితా ఇచ్చి, ఒక్కోదానికి ఒకటి నుంచి తొమ్మిది వరకు మార్కులు వేయమన్నారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. 'మీకు ఏ జబ్బు గొప్ప?' అని నేరుగా అడగలేదు. 'వైద్యరంగంలో ఉన్నవాళ్లు దీనికి ఎంత హోదా ఇస్తారని మీరు అనుకుంటున్నారు?' అని అడిగారు. అంటే ఇది ఒక్కొక్కరి సొంత అభిప్రాయం కాదు. ఆ వృత్తిలో అందరికీ తెలిసినా ఎవరూ పైకి చెప్పని లెక్క.

మూడు బృందాల జవాబులూ ఆశ్చర్యం కలిగించేంత దగ్గరగా వచ్చాయి. గుండెపోటు, లుకేమియా అనే రక్త క్యాన్సర్, మెదడులో కణితి పైవరుసలో నిలిచాయి. ఒళ్లంతా నొప్పులతో వేధించే ఫైబ్రోమయాల్జియా, తీవ్ర ఆందోళనతో కూడిన మానసిక సమస్య అట్టడుగున చేరాయి. స్పెషాలిటీల్లో న్యూరోసర్జరీ, ఛాతీ శస్త్రచికిత్సల విభాగం పైన నిలిస్తే, వృద్ధుల వైద్యమైన జీరియాట్రిక్స్, చర్మ-సుఖ వ్యాధుల విభాగం కింద మిగిలాయి.

గమనించాల్సింది విద్యార్థుల సంగతి. వాళ్లకు ఇంకా డిగ్రీ చేతికి రాలేదు. అయినా దశాబ్దాల అనుభవం ఉన్న సీనియర్లు వేసిన వరుసనే దాదాపుగా వాళ్లూ వేశారు. ఏ సిలబస్‌లోనూ లేని పాఠం కోర్సు పూర్తయ్యేసరికి వాళ్లకు వంటబట్టిందన్నమాట.

కాలంతో పాటు ఇది మారిందా? నార్వేలోనే 1990, 2002, 2014 సంవత్సరాల్లో జరిగిన మూడు సర్వేలను పోల్చిన పరిశోధకులు 2017లో ఫలితాలు వెల్లడించారు. మధ్యలో కొత్త మందులు వచ్చాయి, కొత్త స్కానింగులు వచ్చాయి. జబ్బుల వరుస మాత్రం పెద్దగా కదలలేదు.

ఈ హోదా ఏ లెక్కన వస్తుంది?

ప్రాణాంతకమైన జబ్బుకే గౌరవం ఎక్కువ అనుకుంటే పొరపాటే. తాగుడు వల్ల దెబ్బతిన్న కాలేయం కూడా ప్రాణం తీస్తుంది. కానీ అలాంటి జబ్బుకు దక్కే చూపు వేరు. పరిశోధకులు గమనించిన లెక్క స్థూలంగా ఇలా ఉంటుంది.

మొదటిది, జబ్బు శరీరంలో ఎక్కడుంది అన్నది. మెదడు, గుండె లాంటి పైభాగంలోని కీలక అవయవాలకు హోదా ఎక్కువ. నడుము కింది జబ్బులకు తక్కువ. ఫలానా చోట అని వేలు పెట్టి చూపించలేని జబ్బులకు ఇంకా తక్కువ.

రెండోది, చికిత్స ఎలా ఉంటుంది అన్నది. ఆపరేషన్ థియేటర్, పెద్ద యంత్రాలు, వెంటనే కనిపించే ఫలితం ఉంటే హోదా పెరుగుతుంది. నెలల తరబడి మాట్లాడుతూ, మందులు సర్దుతూ, కొంచెం కొంచెంగా కుదుటపరిచే వైద్యానికి ఆ మెరుపు ఉండదు.

మూడోది, రోగి ఎవరు అన్నది. రోగి యువకుడో, నడివయసువారో అయితే జబ్బు స్థాయి పెరుగుతుంది. పెద్దవయసులో వచ్చే దీర్ఘకాలిక సమస్యలకు తగ్గుతుంది.

నాలుగోది పైకి చెప్పనిది: 'తప్పు ఎవరిది?' అన్న ప్రశ్న. తాగుడు, లైంగిక సంబంధాల లాంటి కారణాలతో ముడిపడిన జబ్బుల్లో 'చేజేతులా తెచ్చుకున్నాడు' అన్న తీర్పు చికిత్స కంటే ముందే వచ్చేస్తుంటుంది.

ఈ వరుసలో ఒకటి మీరు పట్టుకునే ఉంటారు. జబ్బు రోగిని ఎంత బాధపెడుతోంది, ఎంతమందికి వస్తోంది, ఇంటిని ఎంత కుదేలు చేస్తోంది అన్నవి ఈ లెక్కలో ముందు వరుసలో లేవు. రోగికి ఎంత కష్టం అన్నదాని కంటే డాక్టరు చేసే పని ఎంత ఘనంగా కనిపిస్తుంది అన్నదే ఎక్కువగా తూగుతోంది.

విద్యార్థులకు ఇది ఎవరు నేర్పుతారు?

ఏ ప్రొఫెసరూ క్లాసులో నిలబడి 'సైకియాట్రీ తక్కువ, కార్డియాలజీ ఎక్కువ' అని పాఠం చెప్పరు. వార్డు రౌండ్లలో, క్యాంటీన్‌లో, డ్యూటీ రూమ్‌లో విన్న మాటల నుంచి ఇది ఒంటబడుతుంది. విద్యారంగంలో దీన్ని 'దాగి ఉన్న పాఠ్యప్రణాళిక' అంటారు. ఏ కేసు దగ్గర గురువు పావుగంట ఆగారు, ఏ మంచం దగ్గర ఫైలు చూసి ముందుకు కదిలారు అన్నదే ఇందులో పాఠం.

ఇది కొత్త సంగతి కాదు. అమెరికాలోని కాన్సస్ విశ్వవిద్యాలయ వైద్య విద్యార్థులతో కలిసి తిరిగి, హోవార్డ్ బెకర్, ఆయన సహచరులు 1961లో 'బాయ్స్ ఇన్ వైట్' అనే పుస్తకం ప్రచురించారు. ఎన్నో బాధలు చెప్పినా పరీక్షల్లో ఏమీ తేలని రోగులను ఆ విద్యార్థులు తమలో తాము 'క్రాక్' అని పిలుచుకునేవారు. చిరాకు ఎందుకంటే, అలాంటి రోగి దగ్గర నేర్చుకునేదేమీ లేదని, నయం చేసిన తృప్తీ దక్కదని వాళ్లు అనుకున్నారు.

బ్రిటన్‌లో 2016లో వెలువడిన ఒక అధ్యయనం దీన్ని ఇంకో వైపు నుంచి చూసింది. సుమారు 960 మంది వైద్య విద్యార్థులను, మీ ముందు సీనియర్లు ఏ విభాగాలను తక్కువ చేసి మాట్లాడారని అడిగింది. సైకియాట్రీ, జనరల్ ప్రాక్టీసు ఎక్కువ మాటలు పడ్డాయి. ఈ మాటల వల్ల తాము ఎంచుకోవాలనుకున్న విభాగాన్నే మార్చుకున్నామని పావు వంతుకు పైగా విద్యార్థులు చెప్పారు. ఎవరో సరదాకి అన్న మాట ఒక జిల్లాకు రావాల్సిన మానసిక వైద్యుణ్ని రాకుండా చేయగలదన్నమాట.

మన దగ్గర మాటలు వేరు, తీరు అదే. ఎంబీబీఎస్ పూర్తిచేసి ఊళ్లో ప్రాక్టీసు పెట్టిన డాక్టరును 'ఉత్త ఎంబీబీఎస్సేనా?' అంటాం. 'సైకియాట్రీ తీసుకున్నా' అని చెప్పిన కుర్రాణ్ని 'ఎర్రగడ్డలో ఉద్యోగమా?' అని ఆటపట్టిస్తాం. విశాఖలో అయితే ఆ హాస్యానికి చినవాల్తేరు పేరు వాడతారు. హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ, విశాఖ చినవాల్తేరులోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. వేలాది కుటుంబాలకు ఆసరా అయిన ఆసుపత్రుల పేర్లు మన నోట తిట్లుగా మారాయి. ఆ మాటలు వింటూ పెరిగిన పిల్లలే రేపు తెల్లకోటు వేసుకుంటారు.

నీట్ పీజీ కౌన్సెలింగ్ ఏం చెబుతోంది?

మన దేశంలో ఈ వరుసను చూడాలంటే ప్రత్యేకంగా సర్వే అక్కర్లేదు. నీట్ పీజీ కౌన్సెలింగ్ మొదలైన కొద్ది రోజులు గమనిస్తే చాలు. మంచి ర్యాంకర్లు ముందుగా ఎగరేసుకుపోయేవి రేడియో డయాగ్నసిస్, జనరల్ మెడిసిన్, డెర్మటాలజీ. చివరికి మిగిలేవి అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ, ఫార్మకాలజీ, ఫోరెన్సిక్, కమ్యూనిటీ మెడిసిన్ లాంటివి.

మిగలడం అంటే ఎంత? నీట్ పీజీ 2021 అడ్మిషన్లు ముగిశాక 1,456 సీట్లు ఖాళీగా ఉండిపోయాయి. వాటి కోసం మరో రౌండ్ కౌన్సెలింగ్ పెట్టాలని విద్యార్థులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2022 జూన్‌లో కోర్టు అందుకు నిరాకరించింది. మిగిలినవాటిలో ఎక్కువ భాగం నాన్ క్లినికల్ సీట్లేనని అప్పట్లో కేంద్రం కోర్టుకు తెలిపింది. 2023 సెప్టెంబరులో కౌన్సెలింగ్ అర్హతను ఏకంగా సున్నా పర్సంటైల్‌కు తగ్గించారు. అంటే పరీక్ష రాసినవారంతా అర్హులే. ఒక పక్క సీటు కోసం సంవత్సరాల తరబడి కోచింగ్, ఇంకో పక్క తీసుకునేవారు లేని సీట్లు.

ఆంధ్రప్రదేశ్‌లో 2024లో పీహెచ్‌సీ డాక్టర్లకు పీజీలో ఇచ్చే ఇన్‌సర్వీస్ కోటాను ప్రభుత్వం కుదించినప్పుడు వాళ్లు ఆందోళనకు దిగారు. అప్పుడు గట్టిగా పట్టుబట్టింది క్లినికల్ సీట్ల గురించే. ఆశ ఎటు ఉందో అది చెబుతుంది.

అయితే ఇక్కడ రెండు వేర్వేరు సంగతులను విడదీసి చూడాలి. హోదా వేరు, గిరాకీ వేరు.

నార్వేలో అట్టడుగున ఉన్న చర్మవ్యాధుల విభాగం మన దగ్గర టాపర్ల సీటు. మన పీజీ కోర్సు పూర్తి పేరులో చర్మవ్యాధులతో పాటు సుఖవ్యాధులు, కుష్ఠు కూడా ఉన్నాయి. ఒకప్పుడు 'చర్మ, సుఖవ్యాధుల నిపుణులు' అన్న బోర్డు ఉన్న మెట్లెక్కడానికి జనం అటూ ఇటూ చూసేవారు. ఆ తర్వాత లేజర్లు, జుట్టు మార్పిడి, మొటిమల చికిత్స వచ్చాయి. రాత్రి ఎమర్జెన్సీలు తక్కువ. ఆదాయం బాగుంటుంది. అదే విభాగం, అదే డిగ్రీ. మారింది ఎక్కువగా మార్కెట్టే.

దీనికి ఎదురుగా గుండె శస్త్రచికిత్సను చూడండి. నార్వేలో ఛాతీ సర్జరీ శిఖరం మీద ఉంది. మన దేశంలోనూ గుండె ఆపరేషన్ చేసే సర్జన్‌ను చూస్తే చేతులు జోడిస్తాం. కానీ కార్డియోథొరాసిక్ సర్జరీ సూపర్ స్పెషాలిటీ సీట్లు ఏటా ఖాళీగా మిగులుతున్నాయి. ఎంబీబీఎస్, ఆపై ఎంఎస్, ఆపై ఎంసీహెచ్ చదవాలి. స్థిరపడేసరికి నలభైకి దగ్గరవుతారు. సొంతంగా క్లినిక్ పెట్టుకునే పని కాదు, పెద్ద ఆసుపత్రి ఉండాల్సిందే. స్టెంట్లు వచ్చాక బైపాస్ అవసరం లేకుండానే కొన్ని కేసులు తీరిపోతున్నాయి. అంత గౌరవం ఉన్నా బతుకు లెక్కల్లో విద్యార్థి వెనక్కి తగ్గుతున్నాడు.

కాబట్టి విద్యార్థి ఎంపికను శాసించేది హోదా ఒక్కటే కాదు. ఆదాయం, రాత్రి డ్యూటీలు, కుటుంబ జీవితం, క్యాజువాలిటీలో దాడుల భయం, చదువుకు చేసిన అప్పు, పెళ్లి సంబంధాల్లో పలికే మాట, ఇవన్నీ కలుస్తాయి. ఈ లెక్కలు వేసుకునే విద్యార్థిని తప్పుపట్టడానికి లేదు. సమస్య ఎక్కడంటే, హోదాలోనూ, ఆదాయంలోనూ, సౌకర్యంలోనూ వెనకబడిన విభాగాలు కొన్ని ఉన్నాయి. వాటి అవసరం మాత్రం జనానికి చాలా ఎక్కువ.

దీనివల్ల మీకు జరిగే నష్టం ఏమిటి?

మొదట మానసిక వైద్యం చూద్దాం. బెంగళూరులోని నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలోని వయోజనుల్లో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. లక్ష మందికి కనీసం ముగ్గురు సైకియాట్రిస్టులు ఉండాలన్నది కొలమానం. మన దగ్గర ఉన్నది 0.75. అంటే సుమారు 1.3 లక్షల మందికి ఒక్కరు. ఎంబీబీఎస్ హౌస్ సర్జన్సీలో సైకియాట్రీ పోస్టింగ్ రెండు వారాలు. మీ కాలనీలోని డాక్టరుకు డిప్రెషన్‌ను గుర్తుపట్టే అనుభవం ఎంత దొరికి ఉంటుందో అంచనా వేసుకోండి.

మానసిక జబ్బు ఉన్నవారికి ఇంకో ప్రమాదం కూడా ఉంది. వాళ్లు కడుపునొప్పి అన్నా, ఆయాసం అన్నా 'అదంతా మనసు వల్లే' అని తీసేసే అవకాశం ఉంటుంది. శరీరంలోని అసలు జబ్బు అలా దాగిపోతుంది.

రెండోది, పెద్దవాళ్ల వైద్యం. 2011 జనాభా లెక్కల నాటికే దేశంలో అరవై దాటినవారు 10 కోట్లకు పైగా ఉన్నారు. వాళ్లకు ఒకేసారి బీపీ, షుగర్, మోకాళ్లు, మతిమరుపు, నిద్రలేమి ఉండొచ్చు. ఒక్కో అవయవానికి ఒక్కో స్పెషలిస్టు దొరుకుతారు. అందరూ రాసిన మాత్రలను ఒకచోట పెట్టి, ఏది ఉంచాలి, ఏది ఆపాలి అని చూసే డాక్టరే దొరకరు. జీరియాట్రిక్స్, ఫ్యామిలీ మెడిసిన్ చేసే పని అదే. 'ఈ వయసులో ఇవన్నీ మామూలే' అన్న మాట డాక్టరు నోట వినిపించిందంటే, చాలాసార్లు అది రోగ నిర్ధారణ కాదు, హోదా వరుస మాట్లాడుతోందని అర్థం.

మూడోది ఆడవాళ్లది. వరుసలో అట్టడుగున ఉన్న ఫైబ్రోమయాల్జియా ఎక్కువగా మహిళల్లోనే కనిపిస్తుంది. స్కానింగ్‌లో కనపడదు, రక్త పరీక్షలో దొరకదు. ఇంట్లో 'పని తప్పించుకోవడానికి' అంటారు. ఆసుపత్రిలో 'టెన్షన్' అంటారు. రెండుచోట్లా ఆమెను నమ్మరు.

నాలుగోది మన గోడల మీదే రాసి ఉంది. బస్టాండ్ల దగ్గర, రైల్వే గేట్ల దగ్గర ఏ జబ్బుల పోస్టర్లు ఉంటాయో గుర్తు చేసుకోండి. మొలలు, ఫిస్టులా, సుఖవ్యాధులు, సెక్స్ సమస్యలు, మద్యం మాన్పించే మందు. మెదడులో కణితికి గ్యారంటీ వైద్యం అన్న పోస్టరు కనిపించడం అరుదు. పైకి చెప్పుకోవడానికి జనం సిగ్గుపడే జబ్బులు, పట్టించుకోవడానికి వైద్యరంగం తొందరపడని జబ్బులు ఎక్కడున్నాయో అక్కడే అర్హత లేని వైద్యం పాగా వేస్తుంది.

ఇక డబ్బు దారి. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ, నిరుపేదకూ గుండె ఆపరేషన్ అందేలా చేసింది. అది చిన్న విషయం కాదు. కానీ ఇలాంటి పథకాల చెల్లింపులు ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు, ఒక్కోదానికి ఒక ప్యాకేజీ చొప్పున ఉంటాయి. అరగంట కూర్చోబెట్టి మాట్లాడి, పది మాత్రలను నాలుగుకు తగ్గించిన డాక్టరు పనికి ప్యాకేజీ కట్టడం కష్టం. అప్పటికే హోదా ఉన్న జబ్బుల వైపే డబ్బు కూడా ప్రవహిస్తుంది.

ఒక జాగ్రత్త కూడా చెప్పుకోవాలి. 'నా జబ్బుకు హోదా తక్కువ కాబట్టే నన్ను సరిగ్గా చూడలేదు' అని ఈ సర్వేలు నిరూపించవు. అవి కొలిచింది అభిప్రాయాన్ని. రద్దీ, ఖాళీ పోస్టులు, తక్కువ సమయం కూడా కారణాలే. ఈ వరుసను లెక్కచేయకుండా పనిచేస్తున్న డాక్టర్లు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు.

మార్పు వస్తోందా?

కొంత వస్తోంది. 2019 నుంచి ఎంబీబీఎస్‌లో అమలవుతున్న కొత్త పాఠ్యప్రణాళికలో రోగితో మాట్లాడే తీరు, వైద్య నీతి కూడా నేర్పాల్సిన విషయాలయ్యాయి. ప్రతి విద్యార్థి కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని వాళ్ల ఆరోగ్యాన్ని గమనించే కార్యక్రమం వచ్చింది. పీజీ విద్యార్థులు మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయడం తప్పనిసరైంది. ఫ్యామిలీ మెడిసిన్‌ను ప్రోత్సహించాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది.

కొవిడ్ కూడా ఒక పాఠం చెప్పింది. 2020లో ఆర్‌టీపీసీఆర్ ల్యాబులను నడిపింది మైక్రోబయాలజిస్టులు. కాంటాక్టులను వెతకడం, కంటైన్‌మెంట్ జోన్లు గీయడం కమ్యూనిటీ మెడిసిన్ చదువు. కౌన్సెలింగ్‌లో చివరికి మిగిలే విభాగాలే ఆ ఏడాది దేశానికి ముందు వరుసలో నిలిచాయి.

మీరు ఏం చేయొచ్చు?

వ్యవస్థ మారేదాకా ఆగక్కర్లేదు. మీ చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి.

• 'రిపోర్టులు నార్మల్' అంటే జబ్బు లేదని కాదు. ఆ పరీక్షల్లో తేలే జబ్బులు లేవని మాత్రమే. అప్పుడు మూడు ప్రశ్నలు అడగండి: ఇంకేం కారణాలు ఉండొచ్చు? తగ్గకపోతే ఎన్ని రోజులకు రావాలి? ఎవరికి చూపించాలి?

• వెళ్లేముందు బాధను కాగితం మీద రాసుకోండి. ఎప్పుడు మొదలైంది, దానివల్ల ఏ పని చేయలేకపోతున్నారు అన్నది ముఖ్యం. 'ఒళ్లు నొప్పులు' అనడం కంటే 'మూడు నెలలుగా బిందె ఎత్తలేకపోతున్నా, రాత్రి నాలుగుసార్లు మెలకువ వస్తోంది' అంటే డాక్టరుకు దారి దొరుకుతుంది.

• మానసిక ఇబ్బంది ఉంటే 14416 నంబరుకు ఫోన్ చేయండి. ఇది 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ టెలి మానస్ సేవ. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. జిల్లా ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో కనుక్కోండి.

• మీకు ఆరోగ్య బీమా ఉంటే, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 21వ సెక్షన్‌ను గుర్తుంచుకోండి. శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా కల్పించాలని అది చెబుతోంది. ఇది 2018 మే నుంచి అమల్లో ఉంది. క్లెయిమ్ తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి.

• ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే వాళ్లు వేసుకునే మాత్రలన్నీ ఒక కవర్లో వేసుకుని, ఆరు నెలలకోసారి ఒక జనరల్ మెడిసిన్ డాక్టరుకు చూపించండి. ఆయుర్వేదం బిళ్లలూ, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవీ అందులో ఉండాలి. మీ అంతట మీరు ఏదీ ఆపొద్దు. వృద్ధుల సమస్యలకు 14567 హెల్ప్‌లైన్ ఉంది.

• సుఖవ్యాధుల అనుమానం ఉంటే పోస్టర్ల మీది నంబర్లకు ఫోన్ చేయకండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో సురక్ష క్లినిక్‌లు ఉన్నాయి. హెచ్‌ఐవీ, సుఖవ్యాధుల సమాచారానికి 1097కు ఫోన్ చేయొచ్చు.

• డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు మందుల చీటీ మీద ఉండాలి. అనుమానం వస్తే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి.

చివరిది మీ ఇంట్లో వైద్య విద్యార్థి ఉంటే. పీజీ సీటు గురించి మాట వచ్చినప్పుడు 'సైకియాట్రీనా? కమ్యూనిటీ మెడిసినా? ఇంకోసారి రాయకూడదూ!' అనేముందు ఒక్క క్షణం ఆగండి. మీ ఊరికి ఎంతమంది స్కిన్ డాక్టర్లు ఉన్నారో, మతిమరుపు వచ్చిన పెద్దాయనను చూపించడానికి ఎన్ని కిలోమీటర్లు వెళ్లాలో లెక్కేయండి. హోదాల వరుసను వైద్య కళాశాలలు ఒక్కటే తయారుచేయలేదు, మన డ్రాయింగ్ రూములు కూడా చేయి వేశాయి. ఆ పిల్లో, పిల్లవాడో ఎవరి మాట వింటారో తెలియదు కానీ, ముందుగా వినేది మాత్రం మీ మాటే.